ఎక్కడ నొక్కాలిరా?

పోయినేడాది మా నాన్న పింఛను పనిమీద ఖైరతాబాద్ నుంచి ఎండలో ఆటో కట్టించుకుని ఒక ఆఫీసుకి వెళ్ళారు. "దరఖాస్తు మా సైట్లోనే ఉందండీ" అని తిప్పి పంపేశారు. "చూశాను, ఏమీ లేదు. ఎక్కడ నొక్కాలిరా?" అంటూ ఫోను నా చేతిలో పెట్టారు. ఉంది! మూడో పేరాలో 'దరఖాస్తు' అనే మాటే లింకు. చుట్టూ నల్ల అక్షరాలు, ఇదేమో ముదురు నీలం. కింద గీత లేదు. మౌసు పెడితే గీత వస్తుందట. ఫోనుకి మౌసేదీ?

నేనూ ఆ తానులో ముక్కనే లెండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా ప్రతీ స్టైల్‌షీట్లో 'టెక్స్ట్-డెకరేషన్: నన్' ఉండేది. గీతలుంటే పేజీ పాతకాలంగా ఉంటుందని డిజైనర్ల గోల.

తెలుగు పేజీల్లో గీత తీసెయ్యడానికి ఇంకో కారణం ఉంది, అది కొంత న్యాయమే. మామూలుగా బ్రౌజరు గీసే గీత అక్షరాల పాదాలకి ఆనుకుని ఉంటుంది. ఇంగ్లీషు చిన్నబడిలో ఆ కిందికి దిగేవి జీ, జే, పీ, క్యూ, వై, అంతే. మనకో? ఒత్తులన్నీ అక్కడే. దరఖాస్తు, ధ్రువపత్రం, ఉత్తర్వులు... సర్కారీ మాటల్లో ఒత్తు లేనిది వెతుక్కోవాలి. గీత ఒత్తు మధ్యలోంచి పోయి, కొట్టేసిన మాటలా కనపడేది. 2018లో క్రోమ్ 64 వచ్చాక గీత అక్షరం తగిలిన చోట ఆగి, దాటాక మళ్ళీ మొదలవుతోంది. ఇంగ్లీషుకి బావుంది. తెలుగులో గీత ముక్కలు ముక్కలు.

అయినా తీసెయ్యడం మందు కాదంటాను. ఇంగ్లీషుకి పెద్దబడి ఉంది, ఇటాలిక్స్ ఉన్నాయి. మనకి పెద్దబడి లేదు, వాలిన తెలుగు అక్షరాన్ని చూడలేం. మిగిలినవి రంగూ, గీతా. రంగొక్కదాన్నే నమ్ముకోవద్దని డబ్ల్యూసీఏజీ నియమాలు ఎప్పట్నుంచో చెప్తున్నాయి. శుక్లాలు మొదలైన నాన్న కంటికి ముదురు నీలమూ నలుపూ ఒకటే. గీతని కాస్త కిందికి దించే 'టెక్స్ట్-అండర్‌లైన్-ఆఫ్‌సెట్' 2020 నుంచి క్రోమ్‌లోనూ ఉంది. దానికి తోడు లైన్ హైట్ పెంచితే చాలు. రెండు లైన్ల పని!

ఆ పేజీ పక్కన ట్యాగ్ క్లౌడ్ కూడా ఉంది, ఇంకా! 2004లో మొదలైన ఫ్లికర్ వల్ల పాకిన ఫ్యాషను. ఒక ట్యాగు ఎన్నిసార్లు వాడితే అంత పెద్ద అక్షరం. నాన్న ముందు నొక్కింది అందులో అన్నిటికన్నా పెద్ద మాట: 'టెండర్లు'. 1954లో ఒక్క అడుగుతో మొదలై 2014కి 60 అడుగులైన గణేశుడి పేటలో పెరిగిన మనిషి, పెద్దదాని దగ్గరికే పోతారు మరి :) కానీ ఆ సైజు చెప్పేది ఆఫీసు దేని గురించి ఎక్కువ వేసిందో, జనం దేనికోసం వచ్చారో కాదు. 'పింఛన్లు' అడుగున ఎక్కడో 9 పిక్సెళ్ళలో ఉంది. ఆ సైజులో ఒత్తు ఒత్తు కాదు, చుక్క. పైగా పొడుగు మాట ఊరికే పెద్దగా కనిపిస్తుంది. 'కథ', 'రాజకీయాలు' ఒకే సైజులో రాసి చూడండి. అక్షరక్రమంలో మామూలు జాబితా పెట్టి పక్కన అంకె వేస్తే సరిపోదూ?

ఆ రెండు లైన్లూ రాసి సైటు వాళ్ళకి మెయిలు పెట్టాను. జవాబు లేదు. నాన్న మాత్రం ఆ పేజీ ప్రింటు తీయించి, 'దరఖాస్తు' కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో తనే గీత గీసి దాచుకున్నారు, వచ్చే ఏడాదికి. ఒత్తుకి తగలకుండానే గీశారు.