నౌబాద్ మిట్ట మీద ఒక పూట

సెలవు దొరికితే హైదరాబాద్ నుంచి బీదర్ వెళ్లేవాళ్ల తిరుగుడంతా ఒకే తీరుగా ఉంటుంది. పొద్దున కోట. మధ్యాహ్నం నానక్ ఝీరా సాహెబ్ గురుద్వారాలో లంగరు భోజనం. తర్వాత ఝరణీ నరసింహస్వామి గుహలో ఛాతీలోతు నీళ్లలో నడిచి దర్శనం. ఓపికుంటే అష్టూరు గుమ్మటాలు, ఆపైన జహీరాబాద్ మీదుగా వెనక్కి. మంచి ప్రయాణమే, కాదనను. కానీ ఊరి అంచునే ఉన్న నౌబాద్‌లో ఎవరూ దిగరు. బస్సు కిటికీలోంచి చూస్తే అక్కడ దుకాణాలు, కూడళ్లు, కొత్త ఇళ్లు తప్ప ఏమీ కనిపించవు మరి. ఒక ఆదివారం అక్కడ దిగి నడవమని అడగడానికే ఈ వారం రాస్తున్నాను. గురుద్వారాలో దోసిలి పట్టిన నీళ్లు, గుహలో ఛాతీని తాకిన నీళ్లు ఎలా వస్తున్నాయో ఆ నడకలోనే తెలుస్తుంది.

బీదర్ ఒక ఎర్రటి మిట్ట మీద ఉంది. కర్ణాటక పటంలో అన్నిటికంటే ఉత్తరాన, కిరీటంలా కూర్చున్న జిల్లా ఇది. దిగువన నల్లరేగడి, దాని కింద నల్లరాయి. పైన మాత్రం చిల్లులు పడ్డ ఎర్రరాయి, భూగర్భ శాస్త్రంలో లాటరైట్ అనేది. 19వ శతాబ్దం తొలి సగంలోనే కెప్టెన్ న్యూబోల్డ్ ఈ రాయిని శ్రద్ధగా పరిశీలించి రాశాడు. వాన పడితే ఈ రాయి చాలా భాగాన్ని తనలోకి పీల్చుకుంటుంది. కింద నల్లరాయి తగిలేదాకా దిగిన నీరు అక్కడ ఆగి, పక్కకు జారి, మిట్ట అంచుల్లో ఊటగా బయటికొస్తుంది. నానక్ ఝీరా అలాంటి ఊటే. నరసింహ ఝరణి, పాపనాశం కూడా అంతే. భక్తులు ఏ పేరుతో మొక్కినా అవన్నీ ఒకే రాయి దాచి ఇచ్చే నీళ్లు.

ఈ సంగతి బహమనీల నాటి పనివాళ్లకు బాగా తెలుసు. 15వ శతాబ్దంలో రాజధాని గుల్బర్గా నుంచి ఇక్కడికి మారాక, పెరిగే ఊరికి నీళ్లెలా అన్న ప్రశ్నకు ఇరాన్ విద్య జవాబిచ్చింది. ఎత్తున ఒక తల్లిబావి తవ్వి, నీటిపొరను అందుకుని, అక్కడి నుంచి చాలా కొద్ది వాలుతో భూమిలోపలే సొరంగం తొలిచారు. మోట లేదు, ఏతం లేదు. నీరు తనంతట తానే నడిచి వస్తుంది. దారి పొడవునా పైనుంచి నిలువు బావులు దించారు. తవ్విన మట్టిని పైకి తీయడానికీ, లోపల పనిచేసేవాళ్లకు గాలి ఆడడానికీ, తర్వాత జనం చేదుకోవడానికీ అవే. దీనినే కరేజ్ అంటారు, స్థానికులు సురంగ బావి అంటారు. నౌబాద్ కరేజ్ మూడు కిలోమీటర్ల పైచిలుకు, దానిమీద 21 నిలువు బావులు. ఊళ్లో శుక్లతీర్థం, జమ్నా మోరీ అని మరో రెండు వ్యవస్థలున్నాయి. ఇరాన్ కనాత్‌లను యునెస్కో 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటి దక్కన్ చుట్టం మనకు మూడు గంటల దూరంలో ఉంది.

దీన్ని శ్రద్ధగా కొలిచి, పటం గీసి లోకానికి చెప్పినవాడు కేరళ నుంచి వచ్చిన భూగోళ శాస్త్ర అధ్యాపకుడు వల్లియిల్ గోవిందన్‌కుట్టి. లాటరైట్‌కు ఆ పేరు పెట్టింది కేరళలోనే, 1807లో బుకానన్ దొర. ఎర్రరాతి నేల మనిషి మరో ఎర్రరాతి నేలకు వచ్చి దాని గుట్టు విప్పడం నాకెంతో నచ్చిన సంగతి. ఆ తర్వాత జిల్లా యంత్రాంగం కొంత పూడిక తీయించింది, కొన్నాళ్లు పత్రికల్లో రాతలొచ్చాయి.

నేను నడవమంటున్నది ఈ బావుల వరస వెంబడే. ఇక్కడ కొండల్లేవు, జలపాతాల్లేవు. ఒక బావి దగ్గర నిలబడి తరువాతిదెక్కడుందా అని వెతుక్కుంటూ పోవడమే. రెండు మూడు దొరికాక కన్ను అలవాటుపడుతుంది, కాలి కింద సొరంగం ఎటు పోతోందో అర్థమవుతుంది. పిల్లలకు ఇంతకంటే మంచి భూగోళ పాఠం నాకు తెలియదు. అయితే వాళ్ల చెయ్యి వదలొద్దు. ఇవి లోతైన బావులు, గట్టు లేకుంటే మరీ ప్రమాదం.

నడిచే కాలం కూడా చెబుతాను. తొలకరి పడి వారం పది రోజులు గడిచాక ఎర్రనేల మీద పచ్చగడ్డి లేస్తుంది, ఆ రెండు రంగుల పొందిక నెలరోజులు ఉంటుంది. వానాకాలం ముగిసేసరికి తంగేడు. శివరాత్రి ముందువెనకల మోదుగ. తీగల మీద పాలపిట్ట కనిపిస్తే దసరా దాకా ఆగకుండా మొక్కేయండి. అది తెలంగాణకూ కర్ణాటకకూ కూడా రాష్ట్రపక్షే. ఇంకా దూరం పోయే ఓపికుంటే జిల్లాలోని బయళ్లలో కృష్ణజింకలున్నాయి. విలాసపూర్ చెరువు, హొన్నికేరి అడవి వైపు అటవీశాఖ వాటికి చోటు కాపాడుతోంది. జింకకు కావలసింది దట్టమైన అడవి కాదు, కనుచూపు మేర తెరిచి ఉన్న గడ్డినేల. మన రెవెన్యూ కాగితాల్లో ఆ నేలకున్న పేరు బీడు. బీడు అని రాశాక దాన్ని ప్లాట్లుగా కోయడానికి ఎవరి మనసూ నొచ్చుకోదు. నాకు ఈ విషయంలోనే బాధ. చెట్టు నరికితే పదిమంది అడ్డం పడతారు. గడ్డినేల మీద కాంక్రీటు పోస్తే అభివృద్ధి అంటారు. వాన ఇంకేది ఆ గడ్డిలోంచే, ఆ ఎర్రరాతిలోంచే. పైన కప్పేసి, పక్కన వందల అడుగుల బోర్లు దించి, కింద ఊట ఎందుకు సన్నగిల్లిందని అడిగితే రాయి ఏం చెబుతుంది?

ఈ ప్రాంతపు జనానికి నేలమీదికి పోయి కూర్చునే అలవాటు కొత్తదేమీ కాదు. మార్గశిరం చివర్న వచ్చే ఎళ్ళ అమావాస్యనాడు బీదర్ బజార్లు బోసిపోతాయి. ఇంటిల్లిపాదీ చేలకు తరలుతారు. జొన్న చేను ఏపుగా ఉంటుంది, శనగ పూతమీద ఉంటుంది. చేలో పాండవులకు పూజచేసి, సజ్జరొట్టెలూ, పచ్చి గింజలూ ఆకుకూరలూ కలిపి శనగపిండితో వండిన భజ్జీ, అంబలీ విస్తళ్లలో వడ్డిస్తారు. పొలం లేనివాణ్ని పొలం ఉన్నవాడు పిలుచుకుపోతాడు. కులమూ మతమూ అడగని పిలుపులు కూడా ఆ రోజు చాలా ఉంటాయి. సరిహద్దుకు ఇవతల జహీరాబాద్, నారాయణఖేడ్ పల్లెల్లోనూ ఈ పండుగ ఉంది. 1956లో గీత గీసేదాకా ఆ తాలూకాలు బీదర్ జిల్లాలోవే. భాష మారినచోట అంబలి రుచి మారలేదు.

కాబట్టి ఇది పరాయి ఊరి సంగతి అనుకోవద్దు. బీదర్ చుట్టూ ఉన్న వాగులెన్నో మంజీరలో కలుస్తాయి. మంజీర మన సింగూరుకు వస్తుంది, సింగూరు నీళ్లు హైదరాబాద్ తాగింది.

అడగవలసినవాళ్లను నేను అడిగేది పెద్ద ఖర్చుది కాదు. నౌబాద్‌లో నిలువు బావులన్నిటినీ గుర్తించి, మూసుకుపోయినవాటిని తెరిచి, ఒక్కోదాని చుట్టూ నడుమెత్తు గోడా పైన ఇనుప జాలీ పెట్టాలి. బావికీ బావికీ మధ్య కాలిబాట వదలాలి. ఆ వరసకు ఇరువైపులా ఇంత దూరంలో కట్టడం కూడదని లేఅవుట్ అనుమతుల్లోనే రాయాలి. కన్నడ, ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగింటిలో పలకలు పెట్టాలి. ఇంకేమీ కట్టొద్దు, టికెట్ గది కూడా వద్దు. పాఠకులను అడిగేది మరీ చిన్నది. ఈసారి బీదర్ పోతే పొద్దున కోటకు ముందు నౌబాద్‌లో దిగండి. సద్ది వెంట తీసుకుపోండి, ప్లాస్టిక్ వద్దు. దారి తెలియకపోతే సురంగ బావి ఎక్కడని అడగండి.

— బాటసారి