తొమ్మిది గంటలకు తెగిపోయే మాట

ఇంట్లో ఒక వస్తువు పూర్తిగా చెడిపోతే బాధ ఒక్కటే. ఒకసారి పనిచేసి, ఒకసారి మొరాయిస్తే బాధలు రెండు. మొదటిది ఆ వస్తువు వల్ల కలిగేది. రెండవది, కారణం తెలియక మనుషులు ఒకరినొకరు అనుమానించుకోవడం వల్ల కలిగేది. ఉండుండి తెగిపోయే ఇంటర్నెట్ కనెక్షన్ ఈ రెండవ కోవకు చెందినది. ఈ నెల దానిని గురించే ముచ్చటించుకుందాం. ముందుగా మా ఇంటి సంగతి చెబుతాను. అందులో మేము చేసిన పొరపాటు కూడా ఉన్నది.

మా తమ్ముడు కువైట్‌లో పనిచేస్తున్నాడు. అక్కడ సాయంత్రం 6:30 అయితే మనకు రాత్రి 9 గంటలు. డ్యూటీ ముగించుకొని గదికి చేరగానే వీడియో కాల్ చేస్తాడు. ఇషా నమాజు, భోజనం ముగించుకొని అమ్మ ఫోను ముందు కూర్చుంటుంది. రోజంతా ఆమె ఎదురుచూసేది ఆ అరగంట కోసమే. రెండేళ్లపాటు సాఫీగా సాగిన ఈ ముచ్చట్లు గత చలికాలంలో మధ్యలో తెగడం మొదలయ్యాయి. తమ్ముడి ముఖం తెరమీద బొమ్మలా నిలిచిపోయేది. మాట ఆగిపోయేది. నేను లేచి వైఫై బాక్సును ఆపి, మళ్లీ వేసేవాడిని. రెండు మూడు నిమిషాలకు కనెక్షన్ వచ్చేది. అప్పటికి అతడు వంట పనిలో పడిపోయేవాడు.

“వాడికి మనతో మాట్లాడే ఓపిక తగ్గిపోయింది. వాడే పెట్టేస్తున్నాడు” అన్నది అమ్మ ఒకరోజు. అక్కడ అతడు తన భార్యతో, “ఇంట్లోవాళ్లకు నా మాట వినే తీరిక లేదు” అన్నాడని తరువాత తెలిసింది. చెడిపోయింది కనెక్షన్. నొచ్చుకున్నది రెండు గుండెలు.

మేమిచ్చిన తొందరపాటు తీర్పు

మా పై వాటాలో ఒక కుటుంబం అద్దెకుంటున్నది. వారి అబ్బాయి ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు. పరీక్షల సమయంలో పాఠాలు వినడానికి మా వైఫై పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చాం. ఇప్పుడు మా అనుమానం ఆ పిల్లవాడి మీదికి పోయింది. రాత్రి 9 గంటలకు వాడు సినిమాలు చూస్తున్నాడేమో, అందుకే మన కాల్ తెగుతున్నదేమో అనుకున్నాం. ఎవరితోనూ చెప్పకుండా పాస్‌వర్డ్ మార్చేశాను.

ఆ మరుసటి రెండు రాత్రులు కాల్ ఒక్కసారి కూడా తెగలేదు. “చూశావా!” అన్నది అమ్మ. నేనూ తల ఊపాను. మూడవ రాత్రి మళ్లీ తెగింది. అయినా మా తీర్పును మేము వెనక్కు తీసుకోలేదు. కొత్త పాస్‌వర్డ్ కూడా ఎలాగో తెలుసుకొని ఉంటాడనుకున్నాం. అనుమానం ఒకసారి ఇంట్లో చోటు చేసుకున్న తరువాత తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే వెతుక్కుంటుంది.

డిగ్రీ చదువుతున్న మా పెద్దమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. “అబ్బా, వేరేవాళ్లు ఎక్కువగా వాడితే నెట్ నెమ్మదిస్తుంది, బొమ్మ మసకబారుతుంది. ఇలా ఒక్కసారిగా చచ్చిపోయి, రెండు నిమిషాలకు బతకదు కదా!” అన్నది. పైగా ఎవరెవరి ఫోన్లు మన వైఫైకి కలిసి ఉన్నాయో బాక్సు సెట్టింగుల పేజీలో జాబితా కనిపిస్తుందని చెప్పింది. చూస్తే అందులో మా ఇంటి పరికరాలే ఉన్నాయి. ఈ రెండు నిమిషాల పని పాస్‌వర్డ్ మార్చడానికి ముందు చేయవలసింది. మేము చేయలేదు.

తెగుతున్నది ఏ భాగం?

ఇంటర్నెట్, వైఫై ఒకటేనని మనలో చాలామంది అనుకుంటాం. కానీ ఈ దారిలో మూడు భాగాలున్నాయి. వీధి స్తంభం మీది నుండి మన గోడ దాకా, అక్కడి నుండి బాక్సు దాకా వచ్చే ఫైబర్ తీగ మొదటిది. బాక్సు రెండవది. బాక్సు నుండి మన ఫోను దాకా గాలిలో సాగే వైఫై మూడవది. ఫోనులో వైఫై గుర్తు నిండుగా ఉన్నదంటే మూడవ భాగం బాగున్నదని మాత్రమే అర్థం. మొదటి భాగం తెగి ఉన్నా ఆ గుర్తు నిండుగానే కనిపిస్తుంది.

ఏ భాగం చెడిందో తెలుసుకోవడానికి బాక్సు మీది చిన్న దీపాలు చాలావరకు సాయపడతాయి. ‘పీఓఎన్’ అన్న అక్షరాల వద్ద దీపం నిలకడగా వెలుగుతుంటే తీగలో సంకేతం అందుతున్నట్లు. అది మిణుకుమిణుకుమంటుంటే బాక్సు అవతలి కేంద్రంతో కలవడానికి ప్రయత్నిస్తున్నట్లు. ‘ఎల్ఓఎస్’ వద్ద ఎర్రదీపం వెలిగిందంటే తీగలో రావలసిన వెలుతురు రావడం లేదని అర్థం. ఫైబర్ తీగ లోపల ఉండేది వెంట్రుకంత సన్నని గాజు పోగు. అందులో ప్రయాణించేది విద్యుత్తు కాదు, కంటికి కనిపించని కాంతి. అందుకే ఊడిన తీగ కొసను కంటి దగ్గర పెట్టుకొని చూడరాదు. పిల్లలకు ఈ మాట తప్పక చెప్పాలి.

మా చిక్కు ఏమిటంటే, ఆ దీపాలను మేము సమయానికి ఎన్నడూ చూడలేదు. కాల్ తెగగానే నేను స్విచ్చి ఆపేసేవాడిని. మళ్లీ వేసేసరికి దీపాలన్నీ పచ్చగా ఉండేవి. ఆపి వేయడమే మందు అని నమ్మాను. నిజానికి నేను ముట్టుకోకపోయినా అది రెండు నిమిషాలకు దానంతట అదే వచ్చేది. మందు అనుకున్నది రోగం జాడను చెరిపివేస్తున్నది. అందుకే పాఠకులకు నా మొదటి మనవి: కనెక్షన్ పోగానే స్విచ్చి మీద చేయి వేయకండి. ముందు దీపాలు చూడండి, ఫోనుతో ఫోటో తీయండి. ఆ తరువాతే ఆపి వేయండి.

మా అమ్మాయి రెండవ పరీక్ష కూడా చేసింది. తన ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో నేరుగా బాక్సుకు కలిపింది. కమాండ్ ప్రాంప్ట్‌లో రెండు కిటికీలు తెరిచింది. ఒకదానిలో ‘పింగ్ -టీ’ తరువాత మా బాక్సు చిరునామా 192.168.1.1, రెండవదానిలో బయటి చిరునామా 8.8.8.8 ఇచ్చింది. ఆ ఆదేశం సెకనుకొకసారి పలకరిస్తూ, జవాబు వచ్చిందో లేదో చూపుతుంటుంది. బాక్సే జవాబివ్వకపోతే లోపం ఇంటి లోపలిది. బాక్సు జవాబిస్తూ బయటి చిరునామా మౌనం వహిస్తే లోపం బాక్సుకు అవతలిది. ఆ రాత్రి 9:10కి సరిగ్గా అదే జరిగింది. బాక్సు పలుకుతూనే ఉన్నది, బయటి ప్రపంచం పలకలేదు. ఎల్ఓఎస్ ఎర్రగా వెలిగింది. వైఫైకి, పై వాటా పిల్లవాడికి ఇందులో పాత్ర లేదని ఆ క్షణమే తేలిపోయింది.

నోటు పుస్తకం పట్టించిన దొంగ

మరునాడు పగలు కంపెనీ మనిషి వచ్చాడు. కాంతిని కొలిచే మీటరు పెట్టి చూశాడు. మైనస్ 20 డీబీఎం చూపింది. మైనస్ 27 కన్నా కిందికి పడిపోతే ఇలాంటి బాక్సులు సాధారణంగా సంకేతాన్ని పట్టుకోలేవు. మైనస్ 20 అంటే చక్కగా ఉన్నట్లే. “లైను బాగుందండీ” అని వెళ్లిపోయాడు. అతడు చెప్పింది అబద్ధం కాదు. పగలు లైను బాగానే ఉన్నది.

అప్పుడు మా అమ్మాయి ఒక పాత నోటు పుస్తకం తీసి గీతలు గీసింది. తేదీ, సమయం, ఏ దీపం, ఎంతసేపు, కరెంటు ఉన్నదా, వాన ఉన్నదా, ఆ నిమిషంలో ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారు. ఈ చివరి గడి చూసి నేను నవ్వాను. ఆరు రోజుల తరువాత నా నవ్వు ఆగిపోయింది.

ఆరు రాత్రులూ 9:00కు, 9:20కి మధ్యనే తెగింది. చివరి గడిలో ఆరుసార్లూ ఒకే మాట ఉన్నది: ‘అమ్మీ పిల్లలకు బొంతలు తీస్తున్నది.’ బొంతలుండేది బాక్సు పక్కనున్న ఇనుప బీరువాలో. అమ్మాయి వెళ్లి బీరువా తలుపు పూర్తిగా తెరిచింది. ఎర్రదీపం వెలిగింది. మూసింది. కాసేపటికి పచ్చదీపం వచ్చింది. మళ్లీ తెరిచింది. మళ్లీ ఎరుపు.

చలికాలానికి ముందు ఇంటికి రంగులు వేయించాం. అప్పుడు బీరువాను జానెడు పక్కకు జరిపాం. గోడకు వేలాడుతున్న ఫైబర్ తీగ చుట్ట ఆ తలుపు వెనక్కు చేరింది. తలుపు పూర్తిగా తెరుచుకున్నప్పుడల్లా దాని అంచు తీగను గోడకు నొక్కి మడిచేది. మడత బిగిసినకొద్దీ గాజు పోగులోని కాంతి పక్కలకు జారిపోతుంది. ఉదయం 6 గంటలకు బొంతలు లోపల పెట్టేటప్పుడు కూడా కనెక్షన్ పోతూనే ఉండి ఉంటుంది. ఆ వేళ ఎవరమూ నెట్ వాడము కనుక తెలియలేదు. పాస్‌వర్డ్ మార్చిన తరువాతి రెండు రాత్రులు ఎందుకు తెగలేదో కూడా అప్పుడే గుర్తుకు వచ్చింది. ఆ రెండు రోజులు నా భార్య, పిల్లలు పుట్టింటికి వెళ్లారు. బొంతలు తీసేవారు లేరు.

తీగను తలుపుకు అందనంత పైకి జరిపి, వదులుగా చుట్టి, క్లిప్పులు కొట్టాం. ఈ తీగను టీ కప్పు అంచు కన్నా చిన్న చుట్టగా వంచకూడదని గుర్తుంచుకుంటే చాలు. పని పది నిమిషాల్లో పూర్తయింది. ఖర్చు క్లిప్పులకు మాత్రమే.

మీ ఇంట్లో కారణం వేరైతే

అందరి ఇళ్లలోనూ దొంగ బీరువా తలుపే కానక్కరలేదు. ల్యాన్ తీగతో కలిపిన కంప్యూటర్ బాగా పనిచేస్తూ, ఫోన్లు మాత్రమే ఇబ్బంది పెడితే లోపం వైఫైది. బాక్సును ఫ్రిజ్ వెనుక, ఇనుప బీరువా పైన, అద్దం వెనుక పెట్టకండి. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తున ఉంచండి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలను దాటి దూరం పోతుంది కానీ వేగం తక్కువ, ఇరుగుపొరుగు వైఫైల రద్దీ ఎక్కువ. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా ఆ పౌనఃపున్యం మీదనే. 5 గిగాహెర్ట్జ్ వేగమైనది, కానీ గోడలకు త్వరగా ఓడిపోతుంది. అపార్టుమెంట్లలో 2.4 మీద ఉండక తప్పకపోతే ఛానల్ 1, 6, 11లలో రద్దీ లేనిదానిని ఎంచుకోవాలి.

బాక్సు మీది దీపాలన్నీ ఒక్కసారిగా ఆరి వెలుగుతుంటే కరెంటును అనుమానించాలి. ఇన్వర్టరుకు మారే ఆ రెప్పపాటు, నీళ్ల మోటారు వేసిన క్షణం, వదులైన అడాప్టరు పిన్ను కూడా బాక్సును మళ్లీ మొదటి నుండి మొదలుపెట్టిస్తాయి. వేగం చాలడం లేదనిపిస్తే ముందు లెక్క చూసుకోవాలి. 100 మెగాబిట్ల ప్లాను అంటే డౌన్‌లోడులో సెకనుకు ఎక్కువలో ఎక్కువ 12.5 మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఇది మోసం కాదు, కొలమానాల తేడా.

ఏ మార్పు చేసినా ఒకసారికి ఒకటే చేయాలి. ఒకేరోజు ఛానల్ మార్చి, బాక్సు జరిపి, అడాప్టరు కొంటే ఏది పనిచేసిందో తెలియదు.

లోపం బయటి లైనుదని తేలితే కంపెనీకి ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదుకు డాకెట్ నంబరు తప్పక అడిగి రాసుకోవాలి. “నెట్ సరిగా రావడం లేదు” అనడానికి బదులు “ఫలానా తేదీల్లో, ఫలానా సమయాల్లో ఎల్ఓఎస్ ఎర్రగా వెలిగింది, ఫోటోలు ఉన్నాయి” అని చెబితే మాటకు బరువుంటుంది. పరిష్కారం దొరకకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు. ట్రాయ్ 2012 నిబంధనలు ఈ ఏర్పాటు చేశాయి. దీనికి రుసుము లేదు. అయితే వచ్చిన మనిషి మీద అరవడం వల్ల లైను బాగుపడదు. మా ఇంటికి వచ్చిన టెక్నీషియనుపై నేను విసుక్కున్నాను. అతని తప్పేమీ లేదని తరువాత తెలిసింది.

మెట్లెక్కిన సాయంత్రం

తీగ సరిచేసిన రాత్రి అమ్మ తమ్ముడితో 40 నిమిషాలు మాట్లాడింది. ముందుగా బీరువా కథ చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే అమ్మ కళ్లు తుడుచుకున్నది.

ఆ మరునాటి సాయంత్రం నేనూ అమ్మా పై వాటాకు వెళ్లాం. జరిగింది దాచకుండా చెప్పి క్షమించమని అడిగాం. ఆ ఇల్లాలు కుర్చీలు వేస్తూ, “పర్లేదులెండి అన్నయ్యగారూ” అన్నది. కాస్త ఆగి, “మీరు పాస్‌వర్డ్ మార్చిన రోజే మావాడికి అర్థమైంది. ‘నేనేం చేశానమ్మా?’ అని ఒక్క మాట అడిగాడు. నాకు జవాబు తెలియలేదు” అన్నది.

జవాబు మా దగ్గరా లేదు. అమ్మ ఆ పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకొని, కొత్త పాస్‌వర్డ్ రాసిన కాగితం చేతిలో పెట్టింది. వాడు మొహమాటంగా తీసుకున్నాడు. మునుపటిలా మా ఇంట్లోకి పరుగున రావడానికి వాడికి మరో నెల పట్టింది.

ఆ నోటు పుస్తకం ఇప్పటికీ వైఫై బాక్సు పక్కనే ఉన్నది. మీ ఇంట్లో కూడా ఒకటి ఉంచండి. ఎవరి మీదనైనా ఒక మాట అనబోయే ముందు అందులో ఆరు రోజులు రాయండి.