కూరలలోని కానరాని లోహములు

2020వ సంవత్సరము డిసెంబరు మొదటి వారమున ఏలూరు పట్టణమందు జనులు ఉన్నట్టుండి మూర్ఛిల్లి పడిపోజొచ్చిరి. కొద్ది దినములలో ఆరువందలమందికి పైగా ఆసుపత్రి చేరిరి, ఒకరు మరణించిరి. నీరని కొందరు, పాలని కొందరు, కూరలని కొందరు నోటికొక మాట పలికిరి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు రోగుల రక్తమున సీసమును, నికెలును కనుగొనిరి. పిదప నిపుణులు పురుగుమందుల శేషములే కారణము కావచ్చునని అభిప్రాయపడిరి.

ఆలస్యముగా జరిగిన పరీక్షకు ఒక చిక్కు కలదు. రోగులు తిన్న కూర అప్పటికే జీర్ణమైపోయినది. పరీక్షకు దొరకునది తరువాత అంగడికి వచ్చిన కూర. మామూలు దినములలో ఆ ప్రాంతపు కూరలలో సీసమెంత యుండునో తెలిపెడు లెక్క చేతనున్నగాని, నేడు కనిపించినది ఎక్కువో తక్కువో తేల్చరాదు. కావున కొలత రోగమునకు ముందే జరుగవలెను.

ఆ కొలత మిక్కిలి సున్నితమైనది. ఆకుకూరలలో సీసమునకు అంతర్జాతీయ కోడెక్సు సంఘము విధించిన మితి కిలోకు 0.3 మిల్లిగ్రాము, అనగా కోటి పాళ్లలో మూడు పాళ్లు! గోంగూరను కడిగి, ఆరబెట్టి, పొడిచేసి, నత్రికామ్లమున కరగింతురు. (గాజు పాత్రలను సైతము ఆమ్లముతో కడుగుదురు, లేనిచో పాత్రకంటిన లోహమే కూరపై నింద తెచ్చును.) ఆ ద్రవమును మిక్కిలి వేడిచేసి ఆవిరిగా మార్చి, సీసమునకు తగిన కాంతిని దానిగుండా పంపుదురు. సీసపు పరమాణువులు ఆ కాంతిని పీల్చుకొనును. ఎంత కాంతి తగ్గెనో దానినిబట్టి సీసమును లెక్కింతురు. 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ ఈ పద్ధతిని ప్రకటించెను.

గణపవరము మొదలు కొల్లేటి వరకు గల పల్లపు సీమకు ఈ కొలత మరింత అవసరము. బుడమేరు, తమ్మిలేరు ఎగువ ఊళ్ల మురుగును గూడ కొల్లేటికి మోసికొని వచ్చును. నీటితో వచ్చిన లోహము పురుగుమందువలె కాలక్రమమున విరిగిపోదు. మట్టిలో నిలిచి, వేళ్లగుండా మొక్కకెక్కును. పైపై దుమ్మును కడుగవచ్చునుగాని లోపలికెక్కినదానిని కడుగజాలము. సీసము పిల్లల మెదడు ఎదుగుదలకు చేటు.

ఇంతమాత్రమున గణపవరపు కూర చెడినదని ఎవరును తొందరపడరాదు. కొలువకయే నింద మోపుట రైతునకు అన్యాయము. కొలువకయే భయము లేదనుట తినువానికి అన్యాయము. యంత్రము ఖరీదైనదే, కాని ఊరూర నక్కరలేదు, జిల్లాకొకటి చాలును. గణపవరము, తాడేపల్లిగూడెము, ఏలూరు అంగళ్లనుండి ఏటేట నమూనాలు తీసి, అంకెలను పంచాయతీ గోడపై తెలుగున వ్రాయింపవలెను. ఏ మడి కూరలో అంకె మితిమీరెనో, ఆ మడి నీటిని, మట్టిని, ఎరువును వెదకుటకు అప్పుడు దారి యేర్పడును.