రైతు బోరుకు వాల్టా, కంపెనీ బోరుకు సింగిల్ విండో

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో బోరు వేయని రైతు కుటుంబం అరుదు. బోరు ఎండి అప్పులపాలు కాని ఊరు లేనే లేదు. ఇక్కడి రైతు కొత్త బోరు వేయాలంటే ముందు వాల్టా చట్టం ఎదురవుతుంది. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టమే ఇది. మీసేవలో దరఖాస్తు పెట్టాలి, తహసీల్దారు అనుమతి కోసం తిరగాలి, భూగర్భ జల శాఖ అభిప్రాయం రావాలి. ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా గుంత తవ్వకూడదు. రిగ్గు బండి యజమాని కూడా రిజిస్టరు చేసుకొని ఉండాలి. ఈ నిబంధనలను మేము తప్పుపట్టడం లేదు. నీళ్లు అందరివి, వాటికి ఒక లెక్క ఉండాలి. మా ప్రశ్న ఒక్కటే: ఆ లెక్క అయిదెకరాల రైతు దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

కంపెనీకి ఉన్న దారి వేరు. 2014లో తెచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం (ఇప్పుడు టీజీ ఐపాస్) కింద అన్ని అనుమతులకూ ఒకే కిటికీ. భారీ ప్రాజెక్టులకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు గడువు. దాని పేరులోనే స్వీయ ధ్రువీకరణ అనే మాట ఉంది. అంటే నేను నిబంధనలు పాటిస్తానని కంపెనీయే రాసిస్తుంది, ప్రభుత్వం నమ్ముతుంది. రైతు రాసిచ్చిన కాగితాన్ని ఏ ఆఫీసులో అలా నమ్మారో ఎవరైనా చెబితే సంతోషిస్తాం. నెలరోజుల్లో ఒక పల్లె కింద ఎంత నీరుందో, వేసవిలో ఎంత మిగులుతుందో ఎవరు కొలవగలరు? నీటిమట్టం తెలియాలంటే వానలకు ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి, కనీసం రెండుసార్లు చూడాలి. ముప్పై రోజుల్లో రెండు కాలాలు రావు.

మన నేల సంగతి తెలియక ఇస్తున్న అనుమతులు ఇవి అనలేం. భూగర్భ జల శాఖకు బాగా తెలుసు. జనగామ వైపు అంతా గ్రానైటు. పైన మెత్తబడిన పొర, దాని కింద పగుళ్లు, ఆ పగుళ్లలో కాసిన్ని నీళ్లు. పగులు తగిలితే బోరు పడ్డట్టు, తగలకపోతే దుమ్మే. బచ్చన్నపేటలోనో దేవరుప్పులలోనో ఒకే మడిలో నాలుగు బోర్లు వేసి నాలుగూ పోగొట్టుకున్న రైతుకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇలాంటి రాతి నేలలో కురిసిన వానలో భూమిలోకి ఇంకేది పదో వంతుకు అటూ ఇటూ.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. పదో వంతు ఇంకితే ఎకరానికి సుమారు 3.2 లక్షల లీటర్లు. ఆ ఎకరం ఏడాదికి భూమికి ఇచ్చే జమ అంతే. రోజుకు లక్ష లీటర్లు తోడే ఒక చిన్న ఫ్యాక్టరీ 300 రోజులు నడిస్తే 3 కోట్ల లీటర్లు ఖర్చు. అంటే 90కి పైగా ఎకరాల జమ ఒక్క గేటు లోపలికి పోయింది. ఆ గేటు లోపల ఉన్నది ఏ పదెకరాలో. మిగతా ఎనభై ఎకరాల నీళ్లు ఎవరివి? పక్క రైతులవి. ఆ ఎనభై ఎకరాల వాళ్లను ఎవరైనా పిలిచి అడిగారా? వాళ్ల సంతకం ఆ ఫైలులో ఎక్కడైనా ఉందా?

ఇక వ్యవసాయ కంపెనీల దగ్గరికి వద్దాం. విత్తన కంపెనీలు, నర్సరీలు, ఆయిల్‌పామ్ మిల్లులు, ఉప్పుడు బియ్యం మిల్లులు, ధాన్యం నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలు, ఇవన్నీ 'రైతుకు మార్కెట్' అనే బోర్డుతో వస్తాయి. కేంద్ర భూగర్భ జల అథారిటీ 2020 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యవసాయాన్ని నిరభ్యంతర పత్రం నుంచి పూర్తిగా మినహాయించాయి. మంచిదే, చిన్న రైతుకు ఆ రక్షణ కావాలి. కానీ ఆ మినహాయింపులో ఎకరాల పరిమితి లేదు. వందల ఎకరాలు కౌలుకు తీసుకొని సొంత సాగు చేసే కంపెనీ కూడా తనది వ్యవసాయమే అంటుంది. అలాగే రోజుకు 10 ఘనపు మీటర్ల లోపు, అంటే 10 వేల లీటర్ల లోపు తోడే సూక్ష్మ, చిన్న పరిశ్రమలకూ మినహాయింపు ఉంది. పది వేలు రాసి ఎంత తోడినా, మీటరు చూసేవాడు రాకపోతే పదివేలే.

కంపెనీని రైతు నుంచి వేరు చేయడం సాధ్యం కాదని అధికారులు అనవచ్చు. కరెంటోళ్లకు సాధ్యమైంది కదా! మన రాష్ట్ర విద్యుత్ టారిఫ్ ఉత్తర్వుల్లో కార్పొరేట్ రైతులు అని ఒక వర్గమే ఉంది. వాళ్లకు ఉచిత కరెంటు లేదు, యూనిట్‌కు రూ.2.50 చొప్పున కట్టాలని ఏళ్లుగా రాసి ఉంది. అంటే కరెంటు ఇచ్చేటప్పుడు కంపెనీ ఎవరో, రైతు ఎవరో ప్రభుత్వానికి స్పష్టంగా కనిపిస్తుంది. అదే మోటారు అదే బోరులో నుంచి నీళ్లు తోడేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒక్కటే అయిపోతారు. ఈ గుడ్డితనం కావాలని తెచ్చిపెట్టుకున్నదే.

ఆయిల్‌పామ్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మహబూబాబాద్ జిల్లాలో ఇంటింటికీ వచ్చి మొక్క పెట్టమంటున్నారు. 2021 ఆగస్టులో కేంద్రం రూ.11,040 కోట్లతో వంటనూనెల ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించింది. రాష్ట్రం 20 లక్షల ఎకరాల లక్ష్యం పెట్టుకుంది. ఎకరానికి 57 మొక్కలు. ఎదిగిన చెట్టుకు రోజుకు 150 నుంచి 200 లీటర్లు, నడి ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. అంటే ఎకరానికి రోజుకు ఎనిమిదిన్నర వేల నుంచి పదకొండు వేల లీటర్ల పైమాటే. వరికన్నా తక్కువే కదా అని ఉద్యానశాఖ అధికారులు అంటారు. ఏడాది మొత్తం లెక్క చూస్తే అది నిజమే. కానీ కాలం కాకపోతే యాసంగి వరి బంద్ పెట్టి రైతు బతుకుతాడు, వచ్చే కాలం మళ్లీ వేస్తాడు. ఆయిల్‌పామ్‌ను బంద్ పెట్టలేం. పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు, ప్రతి ఏప్రిల్‌లో, ప్రతి మేలో దానికి నీళ్లు కావాలి. నీళ్లు తగ్గిన ఏడాది ఆడపూలు తగ్గుతాయి, ఆ దెబ్బ ఏడాది రెండేళ్ల తర్వాత గెలల్లో తెలుస్తుంది. ఆ నష్టం కంపెనీది కాదు. 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ఒక జోన్‌లో పండిన గెలలు ఆ జోన్ కంపెనీకే పోవాలి. పంటపై హక్కు కంపెనీకి, బోరు ఎండే ముప్పు రైతుకు.

మిల్లు వచ్చాక ఇంకో లెక్క మొదలవుతుంది. టన్ను గెలలు ఆడించడానికి దాదాపు టన్ను నీళ్లు కావాలి, ఒక్కోచోట ఇంకొంచెం ఎక్కువ. గంటకు 30 టన్నుల మిల్లు రోజుకు 20 గంటలు నడిస్తే 6 లక్షల లీటర్లు. నిండుగా 200 రోజులు నడిచినా 12 కోట్ల లీటర్లు. పైన వేసిన లెక్క ప్రకారం ఇది 375 ఎకరాల వాన జమ. మిల్లు రావద్దని మేము అనడం లేదు. తోట పెట్టిన రైతుకు మిల్లు దగ్గర్లో లేకపోతే గెలలు లారీల్లోనే మాగిపోతాయి. అయితే ఆ నీళ్లు కాలువ నుంచి తెస్తారా, బోర్ల నుంచి తోడుతారా, వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడతారా, ఇవి పునాదిరాయి వేసే రోజుకు ముందే ఊరికి తెలియాలి. పునాదిరాయి మీద మంత్రుల పేర్లన్నీ ఉంటాయి, బోర్ల సంఖ్య ఒక్కటే ఉండదు.

ఇథనాల్ విషయంలో కేంద్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. పెట్రోలులో కలపడానికే ఇథనాల్ తీస్తామని రాసిచ్చిన ధాన్యపు ఫ్యాక్టరీలకు 2021 జూన్‌లో పర్యావరణ నోటిఫికేషన్ సవరించి ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా చేసింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. 2024 నవంబరులో ఊళ్లన్నీ రోడ్డెక్కి కూర్చున్నాక గానీ పనులు ఆపమనే ఉత్తర్వు రాలేదు. ముందే సభ పెట్టి అడిగి ఉంటే రాస్తారోకో అవసరమే ఉండేది కాదు. అక్కడి జనం అభివృద్ధికి అడ్డం పడ్డారన్న వాళ్లు ఈ సంగతి ఎందుకు మాట్లాడరు?

కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం, గార్ల వైపు ఏజెన్సీ గ్రామాల్లో మరో చట్టం ఉంది. 1996 పీసా చట్టం చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణను పంచాయతీలకు అప్పగించింది. బయ్యారం చెరువును కాకతీయుల ఆడబిడ్డ మైలమ తవ్వించిందని శాసనం చెబుతోంది. ఆ చెరువు ఊటతో బతికే బావుల మీద ఇవాళ నిర్ణయం చేసేది మాత్రం హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న వాళ్లు. భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 కాపాడుతోంది, కనీసం కాగితం మీద. ఆ భూమి కింది నీళ్లు పోకుండా కాపాడేది ఏదీ లేదు. పక్క పట్టాలో లోతుగా బోరు వేస్తే చాలు. ఈ చిక్కు 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచీ ఉంది. ఎవరి భూమి కింద నీళ్లు వాళ్లు తోడుకోవచ్చని తెల్లదొరల నాడు రాసిన సూత్రం. మోటకు అది చెల్లింది. వెయ్యి అడుగుల బోరుకూ అదే సూత్రమంటే ఎవరి దగ్గర డబ్బుంటే వాళ్లవే నీళ్లు.

భూపాలపల్లి నేల వేరు. అక్కడ గోదావరి లోయ ఇసుకరాయి ఉంది, లోతున నీళ్లు కూడా ఎక్కువ. అందుకే అక్కడ నీటికి కరువు లేదనే భ్రమ ఉంది. బొగ్గు ఓపెన్‌కాస్టులో గని పొడిగా ఉంచడానికి రాత్రింబవళ్లు నీళ్లు బయటికి తోడాల్సిందే, తోడినకొద్దీ చుట్టూ నీటిమట్టం గరాటులా దిగుతుంది. ఇది శాస్త్రం చెప్పే మాట. ఆ గరాటు అంచు ఎంతదూరం పోతుందో, ఎన్ని ఊళ్ల బావులు అందులో పడతాయో కొలిచి, ఆ బావుల రైతులకు పరిహారం ముందే లెక్కగట్టాలి. తోడిన నీళ్లను చెరువుల్లోకి మళ్లించాలి. ఇవి రెండూ అనుమతిలో షరతులుగా ఉండాలి, గని యాజమాన్యం దయాదాక్షిణ్యాలుగా కాదు.

భూగర్భ జలాల్లో 87 శాతం దాకా వ్యవసాయమే తోడుతోందని లెక్కలు చూపించి రైతు నోరు మూయించాలని చూస్తారు. ఆ అంకె దేశం మొత్తానిది, నిజమైనదే. కానీ ఆ నీళ్లు కోట్ల కుటుంబాల పొలాల్లో పరుచుకున్నాయి, అందరి కంచంలోకి అన్నంగా వచ్చాయి. కంపెనీ తోడేది ఒక్కచోట, ఒక్క పగులులో నుంచి, ఏడాది పొడుగునా. దేశం లెక్కలో అది ఆవగింజ, పక్క రైతు బోరుకు మాత్రం కొండ. ఇంకో మాట. ఇవాళ మన బావుల్లో ఉన్న నీళ్లన్నీ వాన ఇచ్చినవి కావు. దేవాదుల నుంచి ఎత్తిపోసిన గోదావరి నీళ్లు చెరువుల్లో నిలిస్తే, మిషన్ కాకతీయలో పూడిక తీస్తే ఇంకినవి అందులో ఉన్నాయి. ప్రజల సొమ్ముతో ఎత్తిపోసి, ప్రజల చెరువులో నింపి, ఇంకబెట్టిన నీటిని కంపెనీ ఎంత ధరకు తోడుకుపోతోంది?

కేరళలో ప్లాచిమడ అనే చిన్న ఊరు ఈ ప్రశ్ననే అడిగింది. 2000లో కోకాకోలా ఫ్యాక్టరీ మొదలైంది, కొద్దికాలానికే బావుల నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయి. ఆదివాసీ ఆడవాళ్లు గేటు ముందు కూర్చున్నారు. పెరుమట్టి పంచాయతీ 2003లో లైసెన్సు పొడిగించలేదు. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి, భూగర్భ జలం ప్రజల ఆస్తి, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అన్నారు. 2005లో ఇద్దరు జడ్జీల బెంచి ఆ తీర్పును తిరగేసి రోజుకు 5 లక్షల లీటర్లు తోడుకోవచ్చంది. కానీ 2004 మార్చిలో మూసిన గేటు మళ్లీ తెరుచుకోలేదు. తెరవబోమని 2017లో కంపెనీయే సుప్రీంకోర్టుకు చెప్పింది. ప్రభుత్వ కమిటీ 2010లో లెక్కగట్టిన రూ.216 కోట్ల నష్టపరిహారం కోసం ఆ ఊరి పోరాటం మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. గేటు మూయించడం కన్నా పరిహారం రాబట్టడం కష్టమని, అందుకే షరతులన్నీ అనుమతికి ముందే రాయించాలని దీన్నిబట్టి మనకు తెలియాలి.

మేము కోరేది పెద్ద విప్లవమేమీ కాదు. కంపెనీ పేరున, లేదా కంపెనీ కౌలుకు తీసుకున్న భూమిలో వేసే ప్రతి బోరును వ్యవసాయ మినహాయింపు నుంచి తీసేయాలి. దరఖాస్తు వచ్చిన రోజే పంచాయతీ నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. గ్రామసభ తీర్మానం లేనిదే అనుమతి చెల్లకూడదు. బోరుకు మీటరు, పక్కన నీటిమట్టం చూసే గొట్టం, రెండూ గేటు బయట ఊరోళ్లకు కనిపించేలా ఉండాలి. చుట్టుపక్కల బావులు ఎండితే కారణం కంపెనీ కాదని కంపెనీయే నిరూపించుకోవాలి, రైతు కాదు.

ఈ నెల నుంచే ప్రతి గ్రామ కమిటీ చేయగల పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద తహసీల్దారు కార్యాలయానికి, జిల్లా భూగర్భ జల అధికారికి వేర్వేరుగా దరఖాస్తులు పెట్టండి. మీ మండలంలో ఏ కంపెనీకి ఎన్ని బోర్లకు అనుమతి ఇచ్చారు, రోజుకు ఎన్ని లీటర్లకు ఇచ్చారు, ఏ షరతుల మీద ఇచ్చారు, ఇచ్చాక ఎన్నిసార్లు తనిఖీ చేశారు, మీటరు రీడింగులు ఎంత, ఈ అయిదూ విడివిడిగా అడగండి. అనుమతి పత్రాల నకళ్లు కావాలని తప్పక రాయండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. ఇక తాడుకు రాయి కట్టి మీ ఊళ్లో ఓ పది బావుల నీటిమట్టం ప్రతి నెలా ఒకే తేదీన కొలిచి నోటుబుక్కులో రాసిపెట్టండి. బావి ఎవరిది, ఎన్ని గజాల్లో నీళ్లు ఉన్నాయి, ఆ వారం వాన పడిందా లేదా, అంతే. ఏ కంపెనీ గేటైనా ఊళ్లోకి రాకముందు మొదలైన నోటుబుక్కుకే కోర్టులోనైనా కలెక్టరు ముందైనా విలువ. జవాబులు, కొలతలు వచ్చినకొద్దీ సంఘం ఆఫీసుకు పంపండి, మండలాలవారీగా ఈ పత్రికలో అచ్చు వేస్తాం.