రిటర్ను తిరిగొచ్చింది.. కబురే చేరలేదు

తగరపువలస: ఆదాయపన్ను రిటర్ను దాఖలు చేయడం ఇప్పుడు అరగంట పని. జాతీయ రహదారి పక్కనున్న ఏ ఇంటర్నెట్‌ కేంద్రంలోనో ఫారం-16, పాన్‌ కార్డు ఇచ్చి కూర్చుంటే రసీదు చేతికొస్తుంది. చిక్కంతా ఆ తరువాతే. రిటర్నులో లోపముందని బెంగళూరులోని సెంట్రలైజ్డ్‌ ప్రాసెసింగ్‌ సెంటర్‌ గుర్తిస్తే నోటీసును పోర్టల్‌లో ఉంచి, నమోదైన ఈ-మెయిల్‌కు పంపుతుంది. ఆ చిరునామా పన్ను చెల్లింపుదారుది కాక, ఫారం నింపిపెట్టినవారిదైతే కబురు అక్కడే ఆగిపోతుంది. సీజనులో అలాంటి ఉత్తరాలు ఎన్నో ఒకే పెట్టెలో పడే కేంద్రాల్లో వాటిని తెరిచి చూసే తీరిక ఎవరికుంటుంది? చట్టమిచ్చిన 15 రోజులూ అలాగే గడచిపోతాయి.

ఆదాయపన్ను చట్టం-1961లోని 139(9) సెక్షన్‌ ప్రకారం ఈ నోటీసులు జారీ అవుతాయి. 2026 ఏప్రిల్‌ 1కి ముందరి ఆదాయాలకు ఆ చట్టమే ప్రమాణం. గడువులోగా సవరించకుంటే రిటర్ను చెల్లదు. అసలు దాఖలు చేయనట్లే లెక్క. రావలసిన రిఫండు ఆగుతుంది. వ్యాపార నష్టాన్ని మరుసటి ఏడాదికి మోసుకెళ్లే వీలుండదు. మళ్లీ దాఖలు చేస్తే రూ.5 వేల వరకు ఆలస్య రుసుము పడవచ్చు. పిల్లల విదేశీ చదువుకు రుణం కోసం వెళ్లి, బ్యాంకు రిటర్నులు అడిగిన రోజున సంగతి బయటపడితే అప్పటికప్పుడు చేయగలిగేది స్వల్పం.

స్థలం అమ్మితే..

భీమిలి, తగరపువలస పరిసరాల్లో స్థలాలు అమ్ముకునే విశ్రాంత ఉద్యోగులు ప్రత్యేకంగా గమనించాల్సిన లోపం ఒకటుంది. రూ.50 లక్షలు, ఆపై విలువైన స్థిరాస్తి కొన్నవారు ఒక శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. రూ.50 లక్షలకు రూ.50 వేలన్నమాట. ఆ మొత్తం అమ్మినవారి 26ఏఎస్‌లో కనిపిస్తుంది. ఏటా పింఛను, వడ్డీ చూపే ‘సహజ్‌’ ఫారంలోనే ఈ రూ.50 వేలూ కలిపి రిఫండు కోరితే కంప్యూటరు పట్టేస్తుంది. పన్ను జమ అడిగారు, ఆ ఆదాయమేదీ? అని దాని ప్రశ్న. స్థలం అమ్మకపు మూలధన లాభానికి సహజ్‌లో చోటే లేదు. వ్యాపార ఆదాయం లేనివారు ఐటీఆర్‌-2 నింపాలి.

దీనికి భిన్నమైనది ధ్రువీకరణ లోపం. 2022 ఆగస్టు 1 నుంచి ఆ గడువు 120 రోజుల నుంచి 30 రోజులకు తగ్గింది. ఆధార్‌ ఓటీపీ ఇవ్వడం మరచినా, సంతకం చేసిన ఐటీఆర్‌-వీ బెంగళూరుకు చేరకున్నా పంపిన రిటర్ను వృథాయే.

అలాగని తప్పు ప్రతిసారీ పౌరుడిదేనని అనలేం. 2024 మార్చి 31 వరకు ఆన్‌లైన్‌లో దాఖలైన కొన్ని రిటర్నులను ఇదే కేంద్రం పొరపాటున చెల్లనివిగా తేల్చిందని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2025 జులైలో జారీ చేసిన 10వ సర్క్యులర్‌లో అంగీకరించింది. వాటిని తిరిగి పరిశీలించి, 2026 మార్చి 31లోగా సమాచారం పంపాలని ఆదేశించింది. పాన్‌-ఆధార్‌ అనుసంధానం కానివారికి మాత్రం రిఫండు లేదంది. యంత్రం చేసిన పొరపాటును దిద్దుకోవడానికి శాఖకు నెలల వ్యవధి, పౌరుడికి పక్షం రోజులు!

గడువు దాటితే..

నోటీసు అందితే పోర్టల్‌లోని ‘ఈ-ప్రొసీడింగ్స్‌’లో బదులివ్వాలి. లోపం నిజమైతే సరిదిద్దిన రిటర్నును 139(9)కి జవాబుగానే పంపాలి. కాదనుకుంటే కారణం రాయాలి. అదనపు గడువు కోరవచ్చు. అసెస్‌మెంట్‌ పూర్తికాకముందు సవరిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కూడా అధికారికి ఉంది. అదీ దాటితే ఆ అసెస్‌మెంట్‌ ఏడాది డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్ను వేయవచ్చు. తరువాత మిగిలేది 119(2)(బి) కింద దరఖాస్తు. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్‌ ప్రకారం అసెస్‌మెంట్‌ సంవత్సరం ముగిశాక అయిదేళ్లలోపు రిఫండు కోరుతూ దీన్ని పెట్టుకోవచ్చు. రూ.కోటి వరకు ప్రిన్సిపల్‌ కమిషనర్‌ స్థాయిలోనే నిర్ణయిస్తారు. నాలుగేళ్ల వరకు వేయగల ‘అప్‌డేటెడ్‌ రిటర్ను’తో పన్ను కట్టవచ్చు గానీ, రిఫండు అడగరాదు.

పోర్టల్‌ ప్రొఫైల్‌లోని మొబైల్‌ నంబరు, ఈ-మెయిల్‌ తమవేనా అన్నది ఎవరికి వారు లాగిన్‌ అయి చూసుకోవచ్చు. వేరొకరివైతే అక్కడే ఓటీపీతో మార్చుకోవచ్చు, రుసుము లేదు.