ఉబ్బసం బిళ్ల ధర పెరిగింది సరే.. పంపు సంగతేంటి?

2024 అక్టోబరులో జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ (ఎన్‌పీపీఏ) 8 మందులకు చెందిన 11 రకాల గరిష్ఠ ధరలను ఒకేసారి 50 శాతం పెంచింది. వాటిలో ఉబ్బసం రోగులకు బాగా తెలిసిన సాల్బుటమాల్ కూడా ఉంది. 2, 4 మిల్లీగ్రాముల బిళ్లలు, నెబులైజర్‌లో వేసే ద్రావణం ఈ జాబితాలోకి వచ్చాయి.

ముడిసరుకు ఖర్చు పెరిగిందని, పాత ధరకు తయారు చేస్తే గిట్టుబాటు కావడం లేదని కంపెనీలు మొరపెట్టుకున్నాయి. కొన్ని తయారీ ఆపేస్తామన్నాయి. ధర పెంచకపోతే మందే దొరకదన్నది ప్రభుత్వ వాదన. 2019లో, 2021లో కూడా ఇదే నిబంధన కింద కొన్ని మందుల ధరలు పెంచారు. వాదనలో నిజం లేకపోలేదు. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. పేదల ఇళ్లలో ఇంకా ఈ బిళ్లలే ఎందుకు నడుస్తున్నాయి?

పంపు ద్వారా ఒక్క పఫ్‌లో వెళ్లే సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు. బిళ్లలో ఉండేది దానికి 20 నుంచి 40 రెట్లు. పంపు మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. బిళ్ల మాత్రం కడుపులోకి వెళ్లి, రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. గుండె దడ, చేతుల వణుకు అందుకే. అయినా బిళ్ల చౌక, పైగా "పంపు అలవాటైతే ఇక వదలదు" అన్న భయం ఇంటింటా ఉంది. ఆ భయానికి ఆధారం లేదు.

రెండో పొరపాటు, ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే మందు వాడటం. సాల్బుటమాల్ బిగుసుకున్న శ్వాసనాళాలను తాత్కాలికంగా వదులు చేస్తుందంతే. లోపలి వాపును తగ్గించేది బుడెసోనైడ్ లాంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్. పెద్దలకు, కౌమార వయసు పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి సరిపెట్టొద్దని అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు (గినా) 2019లోనే చెప్పాయి. ప్రపంచ ఆస్తమా రోగుల్లో సుమారు 13 శాతం మన దేశంలో ఉంటే, మరణాల్లో మన వాటా 40 శాతం పైనే. రోజూ వాడాల్సిన మందు అందకపోవడం దీనికి ఒక పెద్ద కారణం.

కట్టెల పొయ్యి పొగ, బీడీ, సిగరెట్ వల్ల వచ్చే సీఓపీడీ వేరే జబ్బు. దానికి టయోట్రోపియం లాంటి మందులు ముఖ్యం. ఇంట్లో ఒకరి పంపు ఇంకొకరికి ఇవ్వడం అందుకే సరికాదు.

రంజాన్‌లో ఈ విషయం మరింత సున్నితం. ఇన్‌హేలర్‌తో రోజా పోతుందా అన్నదానిపై ఉలమాల అభిప్రాయాలు ఒక్కటి కావు. రోజుకు రెండుసార్లు వాడే మందును డాక్టరును అడిగి సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకోవచ్చు. ఆయాసం ఎక్కువైతే మాత్రం సాయంత్రం దాకా ఆగకూడదు. జబ్బున్నవారు తర్వాత రోజుల్లో రోజా పూర్తి చేసుకునే వెసులుబాటు ఖురాన్‌లోనే ఉంది.

బిళ్ల ధర పెంచి తయారీని కాపాడిన ప్రభుత్వం, బస్తీ దవాఖానాలో, పల్లె ఆరోగ్య కేంద్రంలో స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ప్రతి నెలా ఉచితంగా దొరికేలా చూడాలి. పంపు పీల్చే పద్ధతి నేర్పే మనిషీ అక్కడ ఉండాలి. లేకపోతే పేదవాడు ఎక్కువ డబ్బు పెట్టి అదే పాత బిళ్ల మింగుతూనే ఉంటాడు.