లెక్కల పుస్తకానికి మూడో పేజీ కావాలి



"ఆదివాసీ పిల్లలకు లెక్కలు రావు." ఈ మాట బడిలో వింటాం, ఆఫీసుల్లో వింటాం, ఒక్కోసారి మన ఇళ్లల్లో కూడా వింటాం. ఈ మాట అబద్ధం. మన పిల్లలకు అడ్డం పడుతున్నది లెక్క కాదు, ఆ లెక్క చెప్పే భాష.

ఒకసారి ప్రాథమిక బడి గణితం పుస్తకం తెరిచి అందులోని మాటలు మాత్రమే చదవండి. సంకలనం, వ్యవకలనం, భాజకం, లవం, హారం. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకే హారం అంటే మెడలో వేసే దండ. ఇంట్లో గోండి, కొలామి, కువి, సవర మాట్లాడే పిల్లకు ఆ దండ సంగతి కూడా తెలియదు. ముందు తెలుగు నేర్చుకోవాలి, తర్వాత ఆ తెలుగులోని సంస్కృతం నేర్చుకోవాలి, అప్పుడు గానీ భాగహారం దగ్గరికి రాలేదు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగుతో పుస్తకాలు వస్తున్నయ్. మంచిదే. మరి మన పేజీ ఏది?

మన పిల్ల ఏమీ తెలియకుండా బడికి వస్తున్నదా? గోండి ఇంటి పిల్లను లెక్కపెట్టమనండి. ఉంది, రండ్, మూండ్, నాలుంగ్, సైయుంగ్, సారుంగ్ అంటది (ఊరు మారితే పలుకు కొంచెం మారుతది). మన నాలుంగ్, తెలుగు నాలుగు ఒకే ద్రావిడ కుటుంబానికి చెందినవని టీచర్ ఒక్క మాట చెప్తే సగం భయం పోతది. మన సగలను చూడండి. నాల్వెన్, సివెన్, సార్వెన్, ఏర్వెన్. అంటే నాలుగు, ఐదు, ఆరు, ఏడు. తన ఇల్లు ఏ సగదో, ఎవరు అన్నదమ్ముల వరసో, ఎవరితో పెళ్లి కుదురుతదో పిల్ల పెద్దల మధ్య వింటూ పెరుగుతది. ఒక సగలో ఉన్నోళ్లు ఇంకో సగలో ఉండరు. పై తరగతిలో వియుక్త సమితులు అని భయపెట్టే పాఠం ఇదే కదా!

సవరల లెక్క ఇంకా అందంగా ఉంటది. వాళ్ల పాత పద్ధతిలో పన్నెండు దాకా పేర్లు, పదమూడు అంటే పన్నెండూ ఒకటి. ఇరవై ఒక కట్ట. తొంభై మూడు అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. అంటే సంఖ్య పేరులోనే గుణకారం, కూడిక రెండూ ఉన్నయ్. ఈ లెక్క తెలిసిన అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని విస్తరణ రూపం నేర్పితే ఎట్లుంటదో ఆలోచించండి. భిన్నాలకైతే సంతలో కొలత గిన్నెలే చాలు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మానికలో సోల ఎంత? నాలుగో వంతు. ఇక 1/70 అనే మాట మన ఇళ్లల్లో పిల్లలు ముందు భూమి చట్టంగా వింటరు, ఆ గీతకు పైన కింద ఏముంటదో తర్వాత బడిలో నేర్చుకుంటరు.

ఇది మార్కుల గొడవ మాత్రమే కాదు. ఊళ్లో షావుకారు "నూటికి మూడు" అంటే నెలకు మూడు రూపాయలు. పుస్తకంలో వడ్డీ రేటు 3 శాతం అంటే మామూలుగా ఏడాదికి. పదివేలు అప్పు తెస్తే పుస్తకం లెక్కన ఏడాదికి 300, షావుకారు లెక్కన 3,600. అటవీ హక్కుల చట్టంలో సాగు భూమికి పరిమితి 4 హెక్టార్లు, అంటే దాదాపు 10 ఎకరాలు. హెక్టారు అనే మాట తెలియని ఇంట్లో ఎంత పోయిందో కూడా తెలియదు.

మనం కొత్త కోరిక ఏమీ కోరుతలేం. 1940ల్లోనే మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ కాలంలో గోండి వాచకాలు తయారైనయ్, మన టీచర్లకు శిక్షణ జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో 8 గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. విద్యా హక్కు చట్టం కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే చెప్పమంటది. ఆ "వీలైనంతవరకు" అనే మాట దగ్గరే అంతా ఆగిపోతున్నది.

మరి ఇంగ్లీషు వద్దా అని అమ్మానాన్నలు అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లీషూ కావాలి, తెలుగూ కావాలి. పంచడం అంటే ఏందో సొంత భాషలో అర్థమైన పిల్లకు దాని పేరు ఇంకో భాషలో నేర్చుకోవడం కష్టం కాదు. మనలో కొందరు ఉత్సాహంగా ప్రతి గణిత పదానికీ కొత్త గోండి మాట పుట్టించాలంటున్నరు. నాకది నచ్చదు. ఎవరూ పలకని మాట పెడితే అది మన సొంత సంకలనం, వ్యవకలనం అవుతది, అంతే. సెంటీమీటర్ సెంటీమీటర్‌గానే ఉండనీయండి. పంట పంచేటప్పుడు, గింజలు కొలిచేటప్పుడు పెద్దలు ఏ మాట వాడుతున్నరో ముందు అది రాసుకుందాం.

ఈ సెలవుల్లో మీ గూడెంలో ఈ పది మాటలు అడగండి: కలపడం, తీసేయడం, పంచడం, మిగిలింది, సగం, పావు, ఎక్కువ, తక్కువ, పొడవు, బరువు. పక్కన ఊరి పేరు రాయండి, పలుకు తేడాలు దిద్దకండి. ఒక కాపీ బడి గోడకు అంటించండి. ఇంకో కాపీ గ్రామసభ తీర్మానంతో కలిపి ఐటీడీఏ పీవో గారికి ఇచ్చి, రసీదు తీసుకోండి.